నా చేతిలో ఆగే కారు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రోజూ తిట్లు తిన్న ప్రాణులు రెండే. ఒకటి మా మామగారు వదిలిపోయిన పాత కారు, రెండోది నేను. కారే నయం. దానికి కనీసం బానెట్ ఎత్తి లోపల ఏముందో చూసేవాళ్ళు ఉన్నారు.

కారు ముసలిదే గాని మొండి ఘటం. మామగారు పోయాక చాన్నాళ్ళు షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది. నాకు విత్తనాల పరీక్ష కేంద్రంలో ఉద్యోగం వచ్చాక ఆ దుప్పటి లాగి, దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీ వేయించి రోడ్డెక్కించాం. కేంద్రం ఊరికి బాగా దూరం. ఇటుక బట్టీలు దాటాలి, సిమెంటు తూములు పోసే ఫ్యాక్టరీ దాటాలి, ఆ తర్వాత నీడన్నది లేని పొడుగాటి రోడ్డు. బస్సు ఉందా అంటే ఉంది. దాన్ని నమ్ముకుంటే మధ్యాహ్నం భోజనం వేళకి చేరతాం.

నా పని కూడా చెప్పాలి. రైతులకు అమ్మబోయే విత్తనాల్లో మూటకి కొన్ని గింజలు తీసి, తడి కాగితాల మధ్య పరిచి, ఒకే వేడి ఉండే గదిలో పెడతాం. ఎన్ని మొలిచాయో, ఎన్ని చచ్చాయో చూసి, ఈ మూట పొలానికి పనికొస్తుందా లేదా అన్నది తేలుస్తాం. మొలకలు మనకోసం ఆగవు. చూడాల్సిన పూట చూడకపోతే ఒకదాన్నొకటి అల్లుకుపోతాయి, బూజు పడుతుంది, ఆ పరీక్ష మళ్ళీ మొదటినుంచి. వానలు పడేలోపే అందరికీ ఫలితాలు కావాలి గనక ఎండాకాలం మాకు గుక్క తిప్పుకోలేని కాలం. నన్ను ఇంకా ఖాయం చెయ్యలేదు. తొలకరి వచ్చేలోపు నా పని నచ్చితే ఉంటాను, లేకపోతే ఇంటికి పోతాను. పెళ్ళయ్యాక చదివిన చదువు అది. అత్తయ్య మోకాళ్ళకు నూనె రాస్తూ, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని చదివాను. దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు.

ఇక మా ఆయన. ఆయన నీళ్ళ సరఫరా ఆఫీసులో సూపర్‌వైజరు. ఊళ్ళో ఎక్కడ గొట్టం కారుతున్నా పరుగెత్తాల్సింది ఆయనే. పొద్దస్తమానం కారే గొట్టాలు చూసి చూసి, బొక్క అన్నది ఎక్కడ కనిపించినా ఓర్చుకోలేని మనిషిగా తయారయ్యాడు. ఆఫీసులో ఆయన్ని అందరూ లప్పం అంటారు, ఎదురుగానే అంటారు. జేబులో ఎప్పుడూ ఓ లప్పం కడ్డీ ఉంటుంది. రెండు రంగుల మెత్తటి ముద్ద, చేత్తో పిసికి అతికిస్తే గంటలో రాయైపోయే రకం. మా ఇంట్లో గోడలకు చీమల బొరియలు లేవు, కిటికీలకు సందులు లేవు, తలుపు కింద గాలి లేదు. వేసవిలో మా వంటగదిలో నిలబడితే మనిషి ఉడికిపోవాల్సిందే. "దుమ్ము రాదు చూడు," అంటాడు గర్వంగా. దుమ్ము రాదు, నిజమే. ఏదీ రాదు.

చలి తగ్గే రోజుల్లో ఓసారి అత్తయ్యని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే వెనక సీట్లో పెట్రోలు వాసనకి కడుపులో తిప్పి, దారిపొడుగునా వాంతులు చేసుకుంది. మర్నాడు ఆదివారం మా ఆయన పొద్దున్నే షెడ్డులోకి దూరి భోజనానికి బయటికొచ్చాడు. వెనక డిక్కీ చుట్టూ రబ్బరు అతికించాడు, సీటు కింద సందులు పూడ్చాడు, ట్యాంకు మూత లోపల సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి బిగించాడు, ఇంకా ఎక్కడెక్కడ ఏం చేశాడో. "ఇక చుక్క వాసన వస్తే నా చెవి కొయ్యి," అన్నాడు వాళ్ళమ్మతో. వాసన నిజంగానే రాలేదు. అత్తయ్య వారం రోజులపాటు కొడుకు పనితనం వీధంతా చెప్పుకుంది.

కారు ఆగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. కాని ఆ రెండిటినీ కలిపి చూసే తీరిక అప్పుడెవరికుంది?

రోజూ పొద్దున ఓ తంతు ఉండేది. తాళం చెవి ఆయన చొక్కా జేబులో ఉండేది. నేను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడాలి.

"ఎక్కడికి?"

ఎక్కడికో ఆయనకి తెలీదా? "ల్యాబుకి."

"ఎప్పుడొస్తావు?"

"సాయంత్రానికి."

"మధ్యలో ఎక్కడా ఆగకు."

అప్పుడు తాళం చెవి చేతిలో పడేది. మధ్యలో ఆగేది నేను కాదు. ఇటుక బట్టీలు దాటి, తూముల ఫ్యాక్టరీ వచ్చేసరికి కారు ముందు ఓ కుదుపు కుదిపేది. తర్వాత గొంతులో ఏదో అడ్డుపడినట్టు దగ్గేది. ఎంత తొక్కినా ఊపందుకోక, అలా అలా నీరసించి, రోడ్డు పక్కకి తిప్పేసరికి చల్లగా చచ్చిపోయేది. సెల్ఫ్ కొడితే గిర్రున తిరిగేది, అంటుకునేది కాదు. కొట్టీ కొట్టీ బ్యాటరీ మూలిగేదాకా కొట్టి, ఇక ఎండలో దిగి నిలబడేదాన్ని. లారీల వాళ్ళు హారను కొట్టి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఓ అరగంటకో ముప్పావు గంటకో, దేవుడు కరుణించినట్టు, ఒక్క సెల్ఫుకి లేచేది. ఏమీ జరగనట్టు పరుగెత్తేది.

మా ఆఫీసరమ్మ గడియారం చూసే మనిషి కాదు, మొలకల్ని చూసే మనిషి. అది ఇంకా కష్టం. ఓ రోజు నా ముందు తడి కాగితం విప్పి చూపించింది. వేళ్ళన్నీ చిక్కుపడి జడలా తయారయ్యాయి.

"ఇది నిన్న పొద్దున చూడాల్సింది."

"కారు ఆగిపోయింది మేడమ్."

"మొన్నా అదే చెప్పావు. బాగు చేయించు. లేదా దగ్గర్లో ఇల్లు తీసుకో. నేను కాగితం మీద నీ కారు గురించి రాయలేను కదమ్మా, మొలకల గురించే రాయగలను." కటువుగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

మా వీధి చివర మెకానిక్కుని అందరూ డాక్టరంటారు. ఇంజను మీద చెవి పెట్టి వింటాడు గనక ఆ పేరు. ఫోను చేస్తే స్కూటరు మీద వచ్చేవాడు. అతను వచ్చేసరికి కారు బుద్ధిగా ఒక్క సెల్ఫుకి లేచేది. అప్పుడు నావైపు ఓ చూపు చూసేవాడు, జబ్బు లేకుండా ఆసుపత్రికొచ్చిన పేషెంటుని చూసినట్టు. ప్లగ్గులు మార్చాడు. తర్వాతి వారం కాయిలు మార్చాడు. ఆ తర్వాత పెట్రోలు లాగే పంపు విప్పి, లోపలి పొర కొత్తది వేశాడు. కార్బురేటరు విప్పి పళ్ళెంలో పెట్టి అంట్లు తోమినట్టు తోమాడు. కారు మాత్రం దాని చోట అది ఆగుతూనే ఉంది.

"సార్, ఇక మార్చడానికి ఏం మిగల్లేదు," అన్నాడు చివరికి మా ఆయనతో. నేను పక్కనే ఉన్నాను. "బండిలో లోపం లేదు. మేడం క్లచ్చు మీద కాలు తియ్యరేమో. కొంతమంది చేతికి కొన్ని బండ్లు ఒప్పవు సార్."

ఇంజను మీద చెవి పెట్టి ఇన్నాళ్ళు విన్నది ఇదన్నమాట.

మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే కారు తీసుకుని ఊరంతా ఓ చుట్టు తిరిగొచ్చి, గేటు దగ్గర హారను కొట్టి మరీ దిగాడు.

"చూశావా? ఎక్కడన్నా ఆగిందా?"

"నేను వెళ్ళే దారిలో తోలి చూడండి."

ఆ ఆదివారం ఆ దారిలోనే తోలాడు. తూముల ఫ్యాక్టరీ దాటి, ల్యాబు గేటుదాకా వెళ్ళి, వెనక్కొచ్చాడు. ఆగలేదు. ఒక్క దగ్గు దగ్గలేదు. పక్క సీట్లో కూర్చున్న నాకు ఆ కారుని నా చేత్తో తగలబెట్టాలనిపించింది.

"మరి నా చేతిలోనే ఎందుకు ఆగుతోంది?"

"అదే నేనూ అడుగుతున్నా," అన్నాడు.

ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. అత్తయ్య పక్కింటావిడతో గోడమీంచి చెప్పడం విన్నాను: "మా అబ్బాయి చేతిలో గుర్రంలా పోతుందమ్మా. ఈ పిల్ల చెయ్యి పడితేనే మొరాయిస్తుంది." ఆవిడ మనసులో విషం లేదు. చూసింది చెబుతోంది. నేను పోపులో వెయ్యాల్సిన మిరపకాయల్ని చేత్తో తుంచి తుంచి పొడి చేశాను. ఆ తర్వాత అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. ఆ మంటకి ఏడ్చానో, ఈ మంటకి ఏడ్చానో నాకే తెలీదు.

ఓ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కంచంలోంచి తలెత్తకుండా అన్నాడు, "బండి అమ్మేద్దామనుకుంటున్నా. కుర్చీలు అద్దెకిచ్చే ఆయన అడుగుతున్నాడు."

"నేను ల్యాబుకి ఎలా వెళ్ళాలి?"

"అదే చెబుతున్నా. రోజూ ఆ ఎండలో రోడ్డుమీద నిలబడటం ఏం బావుంది? నలుగురూ చూస్తున్నారు. ఈ ఊళ్ళోనే ఏదో ఒకటి చూసుకోవచ్చు."

"ఈ ఊళ్ళో విత్తనాలు ఎక్కడ మొలకెత్తిస్తారు?"

"ఏదో ఒకటి అన్నాగా. స్కూలు ఉంది, కొట్లున్నాయి. నీ మంచికే చెబుతున్నా."

"బండికి ఏమైందో తెలుసుకుంటే చాలదా?"

"తెలిసిందిగా," అన్నాడు. "బండికి ఏం కాలేదు."

ఆదివారం కుర్చీలాయన వచ్చి చూసుకునేట్టు మాట అయిపోయింది. నాకు వారం గడువు. అంత కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు. అయితే నాకు కోపం వస్తే అరుపు రాదు, బుర్ర చల్లబడుతుంది. మా నాన్న పోలిక అంటారు. మేం ల్యాబులో ఓ మూట మొలవకపోతే గింజనీ తిట్టం, గింజ తెచ్చిన మనిషినీ తిట్టం. మొలిచిన మూటనీ మొలవని మూటనీ పక్కపక్కన పెట్టి, దీనికి జరిగింది దానికి జరగనిది ఏమిటని వెతుకుతాం. కారు ఒకటే, దారి ఒకటే. ఆయన తోలితే ఆగదు, నేను తోలితే ఆగుతుంది. మా ఇద్దరికీ మధ్య తేడా మగా ఆడా ఒక్కటే కాదు కదా. ఇంకేదో ఉండాలి.

వెనక్కి తిరిగి ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. కారు సోమవారం, మంగళవారం తప్పకుండా ఆగుతుంది. శుక్ర, శనివారాలు ఆగదు, లేదా ఆగీ ఆగనట్టు దగ్గి ఊరుకుంటుంది. వారం మొదట్లో దానికేం రోగం? నేను ఆదివారం సాయంత్రం ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుంటాను. మళ్ళీ వారందాకా బంకు మొహం చూడను. మా ఆయన పద్ధతి వేరు. ట్యాంకు నింపితే ఎండకి ఆవిరైపోతుందని ఆయన నమ్మకం. బండి తీసిన ప్రతిసారీ ముందు వీధి చివర బంకులో ఆపి, పసిపిల్లకి పాలు పట్టినట్టు కాస్తంత పోయించి, అప్పుడు బయలుదేరతాడు.

ఈసారి నేను ఆదివారం పోయించలేదు. సోమ, మంగళ, బుధవారాలు అడుగున ఉన్న పెట్రోలుతోనే తోలాను. ఆగలేదు. బుధవారం సాయంత్రం ట్యాంకు నింపాను. గురువారం తూముల ఫ్యాక్టరీ దాకా కూడా పోలేదు, ఇటుక బట్టీల దగ్గరే పడుకుంది.

ఆకలితో పరుగెత్తి, కడుపు నిండగానే కూలబడే బండి. ఇది చెబితే మా ఆయన నవ్వుతాడు, డాక్టరు ఇంకో భాగం మారుస్తాడు. ఎందుకన్నది ఇంకా నాకూ తెలీదు.

శుక్రవారం ల్యాబులో గింజలు తడపడానికి శుద్ధినీళ్ళ డబ్బా దగ్గర కూర్చున్నాను. కింద కుళాయి, పైన మరమూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా. కుళాయి తిప్పాను. నీళ్ళు ధారగా వచ్చి, సన్నబడి, చుక్కలై, ఆగిపోయాయి. డబ్బా చూస్తే నిండుగా ఉంది. రోజూ చేసే పనే గనక నా చెయ్యి దానంతటదే పైకి పోయి మూత సగం చుట్టు వదులు చేసింది. బుడగలేసింది, ధార మళ్ళీ వచ్చింది. లోపల నీళ్ళు కారిన మేరకు పైనుంచి గాలి పోకపోతే నీళ్ళు కిందికి రావు. ఈ సంగతి నూనె డబ్బాకి రెండు చిల్లులు పెట్టే పిల్లలకు కూడా తెలుసు.

నా చెయ్యి మూత మీదే ఉండిపోయింది. నీళ్ళు గిన్నె నిండి, పొంగి, నా ఒళ్ళో పడ్డాయి.

సాయంత్రం వస్తూ తూముల ఫ్యాక్టరీ దగ్గర కారు యథాప్రకారం దగ్గి ఆగింది. ఈసారి సెల్ఫ్ కొట్టలేదు. బానెట్ ముట్టుకోలేదు. దిగి వెనక్కి వెళ్ళి ట్యాంకు మూత తిప్పాను. ఉస్స్‌మని ఓ పెద్ద చప్పుడు, నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలి ఊపిరి పీల్చినట్టు. వెళ్ళి సెల్ఫ్ కొట్టాను. ఒక్క దెబ్బకి లేచింది.

ఒకసారి జరిగితే మేం నమ్మం. మూత మళ్ళీ గట్టిగా బిగించి బయలుదేరాను. కాసేపటికి మళ్ళీ ఆగింది. మూత తిప్పాను, ఉస్స్‌మంది, లేచింది. అప్పుడు ఇంజను ఆపేసి, మూత తీసి వెలుగులో తిరగేసి చూశాను. అంచున సైకిలు ట్యూబు రబ్బరు. నడిమధ్యలో, లోపలికి గాలి పోవడానికి కారు చేసినవాడు వదిలిన చిన్న బెజ్జం ఉండాల్సిన చోట, రాయిలా గట్టిపడిన లప్పం. ఆ లప్పం మీద నొక్కిన బొటనవేలి ముద్ర. గీతలు గీతలుగా, పత్రం మీద వేసినంత స్పష్టంగా.

ఆ వేలు నాకు తెలుసు. గొట్టం అంచు కోసుకుని మధ్యలో మచ్చ పడ్డ వేలు. మచ్చ కూడా పడింది లప్పంలో.

రోడ్డుమీద ఎండలో నిలబడి ఆ మూత వంక ఎంతసేపు చూశానో. ఆయన తోలిన ప్రతిసారీ ముందు బంకులో ఈ మూత తెరిచేవాడు. గాలి లోపలికి పోయేది. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ కాస్తే, మిగతాదంతా గాలే గనక అది సరిపోయేది. నిండు ట్యాంకుతో నేను ఆగితే, రబ్బరు పక్కనుంచి కాస్త గాలి దూరేదాకా అరగంట ఎండలో నిలబడాల్సిందే. మెకానిక్ నా కాలి మీదికి తోసిన తప్పంతా, అత్తయ్య గోడమీంచి చెప్పిన కబుర్లన్నీ, జడలల్లుకున్న నా మొలకలు, ఎండలో కమిలిన నా మొహం, అంతా ఈ వేలు కింద ఉంది.

ఇంటికి వెళ్ళి చెప్పొచ్చు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "ఓస్, ఇంతేనా" అంటాడు. ఉదయానికల్లా "నేనూ అదే అనుమానించా" అంటాడు. అది తలుచుకునేసరికి నా బుర్ర మళ్ళీ చల్లబడింది. మూత ఉన్నట్టే బిగించి ఇంటికొచ్చాను. మధ్యలో ఓసారి ఆగితే వదులు చేసి మళ్ళీ బిగించాను. శనివారం సాయంత్రం ల్యాబునుంచి వస్తూ బంకులో ట్యాంకు అంచుదాకా నింపించి, నా చేత్తోనే మూత బిగించి, తాళం చెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆదివారం కుర్చీలాయన వచ్చాడు. లావుగా, నిదానంగా ఉన్నాడు. కారు చుట్టూ తిరిగి టైర్లని బూటుతో తన్ని చూశాడు.

"బండి బంగారం అండీ," అన్నాడు మా ఆయన. "నా చేతిలో ఒక్కరోజూ ఆగలేదు. మా ఆవిడ తోలితేనే పేచీ. ఆడవాళ్ళ డ్రైవింగు మీకు తెలీందేముంది."

"మా ఇంట్లో ఆవిడే తోలుతుందండీ. నేను పక్కన కూర్చుని దారి చెప్తా. ఆ దారీ ఆవిడ వినదనుకోండి," అన్నాడు కుర్చీలాయన.

అత్తయ్య చీర మార్చుకుని బయటికొచ్చింది. "మీ నాన్న బండి. ఆఖరుసారి నేనూ ఎక్కుతాన్రా," అంది.

మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని పెట్రోలు ముల్లు చూశాడు. "అమ్మేసే బండికి ఫుల్ ట్యాంకు కొట్టించావా? మతి ఉందా నీకు?"

"కొనేవాళ్ళు కాస్త దూరం తిప్పి చూసుకోవద్దూ?" అన్నాను. కుర్చీలాయన అవునన్నట్టు తలూపాడు.

బంకు ముందునుంచి ఆపకుండా పోయాడు. ఆపే అవసరం లేదుగా. ఆయన పక్కన కుర్చీలాయన, వెనక అత్తయ్యా నేనూ. ఊరు దాటేదాకా బండి గుణగణాలు చెబుతూనే ఉన్నాడు. ఇటుక బట్టీలు వచ్చాయి. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కుదుపు వచ్చింది. మా ఆయన మాట మధ్యలో ఆగింది. దగ్గు వచ్చింది. ఆయన పాదం నేలకి తాకేదాకా తొక్కాడు. కారు మెల్లగా పక్కకి ఒరిగి, ఎప్పుడూ నా దగ్గర చేసినట్టే, చల్లగా చచ్చిపోయింది.

సెల్ఫ్ కొట్టాడు. కొట్టాడు. ఇంకా కొట్టాడు. దిగి బానెట్ ఎత్తాడు. కాయిలు వైరు లాగి ఊది పెట్టాడు. వేడి గొట్టం తగిలి వేలు కాల్చుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఓ లారీవాడు హారను కొట్టి నవ్వుతూ పోయాడు. ఆ హారను నాకు చెవిలో తేనె పోసినట్టుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"నువ్వేం చేశావు దీన్ని?" అన్నాడు కిటికీలోంచి నన్ను చూసి.

"వెనక సీట్లో కూర్చున్నా."

"నిన్న తోలింది నువ్వేగా. ఏదో చేసే ఉంటావు."

"ఒరేయ్, పిల్ల ఏం చేసిందిరా, నా పక్కనే ఉంటే," అంది అత్తయ్య. ఆ కాలమంతటిలో ఆవిడ నా పక్షాన ఆడిన మొదటి మాట అది. చెమటకి చిరాకు పుట్టి అందో, నిజంగానే అందో.

ఆయన్ని ఇంకాసేపు అలా చూస్తూ ఉండాలనే ఉంది. కాని ఎండలో ముసలావిడ ఉడికిపోతోంది. దిగి వెనక్కి నడిచాను. మూత తిప్పాను.

ఉస్స్‌మని కారు ఊపిరి పీల్చింది. రోడ్డంతా నిశ్శబ్దంగా ఉందేమో, ముగ్గురికీ వినపడింది.

"ఇప్పుడు కొట్టండి," అన్నాను.

ఆయన నన్ను చూశాడు, మూతని చూశాడు, వెళ్ళి సెల్ఫ్ కొట్టాడు. ఒక్క దెబ్బకి లేచింది.

కుర్చీలాయన దిగి వచ్చి నా చేతిలోంచి మూత తీసుకుని తిరగేశాడు. "ఇక్కడ గాలికి బెజ్జం ఉండాలే. ఎవరో మూసేశారు. పెట్రోలు దిగదు మరి." ఎండకి అడ్డం పెట్టుకుని ఇంకా దగ్గరగా చూశాడు. "వేలు పెట్టి మరీ నొక్కారండీ ఎవరో."

మా ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకి చూస్తున్నాడు. ఇంజను హాయిగా తిరుగుతోంది.

"వాసన రాకుండా చేశానన్నావు," అంది అత్తయ్య నెమ్మదిగా. "అదేనా?"

ఆయన కాలిన వేలు నోట్లో పెట్టుకున్నాడు.

ఎండాకాలం పొడుగునా మనసులో పేర్చి పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి నా దగ్గర. ఎండలో నిలబడినప్పుడల్లా ఒక్కొక్కటీ నూరి పదును పెట్టుకున్నవే. అవన్నీ నాలుక చివరికి వచ్చాయి. మొదటిది ఏదనాలో తేలక నిలబడ్డాను. చివరికి డ్రైవరు వైపు తలుపు తీసి, "జరగండి," అన్నాను.

జరగడానికి ఆ పక్కన కుర్చీలాయన సీటుంది. అంచేత ఆయన దిగి, కారు చుట్టూ తిరిగి, వెనక వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు.

"బండి నాకు నచ్చిందండీ," అన్నాడు కుర్చీలాయన, బెల్టు పెట్టుకుంటూ. "రోగం తెలిసింది కదా. తీసుకుంటా."

"అమ్మట్లేదండీ," అన్నాను గేరు వేస్తూ.

వెనకనుంచి ఎవరూ కాదనలేదు. ఎక్కేముందే మూత తిరిగి తీసుకుని, ట్యాంకుకి ఓ అర చుట్టు వదులుగానే పెట్టాను. కాసేపటికి పెట్రోలు వాసన లోపలికి వచ్చింది. అద్దంలో చూస్తే అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది.

"వాసనొస్తోందా అత్తయ్యా?"

"రానీ," అంది.

మర్నాడు కొత్త మూత కొన్నాను. డాక్టరుకి విషయం చెబితే, "గాలి సమస్య అని నాకు ముందే అనుమానం మేడం," అన్నాడు. కారు మళ్ళీ ఆగలేదు. తొలకరి పడ్డ వారంలో ఆఫీసరమ్మ నన్ను పిలిచి, నిన్ను ఖాయం చేశాం, రేపట్నుంచి నీకు సొంత బల్ల అంది. ఇంట్లో మా ఆయన మామూలుగానే ఉన్నాడు. భోజనం బావుందనేవాడు, వాన బాగా పడుతోందనేవాడు. ఒక్క మాట మాత్రం అనలేదు. నేను ఆ మాట కోసం ఎదురుచూస్తున్నానని ఆయనకి తెలుసు. తెలిసే అనడం లేదని నాకు తెలుసు. వానకి ఊరంతా చల్లబడింది గాని నా కోపం చల్లబడలేదు.

అప్పుడే మా బావగారు, అంటే ఆయన అన్నయ్య, ఏదో పనిమీద వచ్చి మా ఇంట్లో దిగారు. భోజనాల దగ్గర కారు ప్రస్తావన వచ్చింది.

"ఏదో ఆగిపోతోందన్నావు, ఏమైందిరా?"

"చిన్న విషయం అన్నయ్యా," అన్నాడు మా ఆయన, అన్నం కలుపుతూ. "ట్యాంకులో గాలి ఆడట్లేదు. మెకానిక్కుకి అంతుబట్టలేదు. చివరికి నేనే దగ్గరుండి చూస్తే మూతలో తేలింది. కాస్త బుర్ర పెడితే చాలు."

నేను చారు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. అత్తయ్య నావైపు చూసింది. గిన్నె బల్లమీద పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, కిటికీ గట్టుమీదున్న పాత మూత తెచ్చాను. లోపలి వైపు పైకి ఉండేట్టు ఆయన మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను. తర్వాత బావగారికి చారు పోశాను.

బావగారు మూత చేతిలోకి తీసుకుని చూశారు. లప్పం చూశారు. వేలి ముద్ర చూశారు. తమ్ముడి ముఖం చూశారు. వాళ్ళిద్దరూ ఒక ఇంట్లో పెరిగినవాళ్ళు. ఎవరి లప్పమో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

"నువ్వేనా?"

మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఉంది. "నేనే పెట్టా," అన్నాడు. గ్లాసెత్తి నీళ్ళు తాగి, "కనిపెట్టింది తను."

ఎవరూ నవ్వలేదు. అత్తయ్య ఇంకొంచెం చారు పొయ్యమంది. పోశాను. ఆ ముక్కతో నా కోపం దిగిపోయిందని కథ ముగించొచ్చు గాని దిగిపోలేదు. ఒక ఎండాకాలం అంత కోపం ఒక్క ముక్కకి ఎలా దిగుతుంది?

మర్నాడు పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే తాళం చెవి గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. తీసి నా సంచిలో వేసుకున్నాను. అప్పట్నుంచీ అది అక్కడే ఉంటోంది. ఆయనకి కారు కావాల్సి వస్తే వచ్చి అడుగుతాడు.

నేను సంచిలో చెయ్యి పెట్టి, తాళం చెవి పట్టుకుని, ఇవ్వకుండా అడుగుతాను:

"ఎక్కడికి?"